గీతలో ముల్లు

సముద్రానికీ సరస్సుకీ మధ్య
అరచేతి వెడల్పు నేల.
ఎడమ చెవిలో అలలు, కుడి చెవిలో రెల్లు.
ఎంగురెలో మే నెల.
ఐదింటికే తెల్లవారి చాలాసేపయింది.

బూట్ల లేసులు రెండేసి ముడులు వేశాను.
మణికట్టు మీద గీత సిద్ధంగా ఉంది.
ఎవరో ముందు పరిగెత్తి వదిలిన దారి.
పద్దెనిమిది కిలోమీటర్లు,
పైన ఎనిమిది వందల మీటర్ల చిల్లర.
ఆ చిల్లర దేనికో నాకేం తెలుసు,
గీత మీద కాళ్ళు మోపడమే నా పని.

మొదట పైన్ అడవి.
రాలిన సూదుల మెత్తదనం
నా అడుగుల చప్పుడు మింగేసింది.
తర్వాత చెక్కల బాట,
ఒక్కో పలకకీ ఒక్కో గొంతు.
రెల్లులో దాక్కున్న కొంగ ఏదో
ఖాళీ సీసాలోకి ఊదినట్టు కూసింది.
కాసేపటికి మళ్ళీ.
కనబడాలని దానికి లేదు,
ఆగి వెతికే తీరిక నాకు లేదు.

వాగు దాటాక పచ్చిక బయలు.
బూడిదరంగు గుర్రాలు, ఎవరివీ కానివి,
తలలెత్తి చూసి
నేను మేతనీ కాదు, ముప్పునీ కాదని తేల్చుకుని
తలలు దించేశాయి.

పదకొండో కిలోమీటరు దగ్గర గేటు.
నీలం నైలాను తాడు విప్పి, దాటి, మళ్ళీ చుట్టి
ఊపందుకున్నానో లేదో
నాలుగు వందల మీటర్ల తర్వాత మణికట్టు వణికింది:
వెనక్కి తిరుగు.

దారి తప్పానా? లేదు.
గీతే వెనక్కి తిరిగింది.
గేటు దాకా వెళ్ళి, అక్కడ కాస్త తచ్చాడి,
వచ్చిన దారినే మళ్ళీ ముందుకి.
నున్నటి దారానికి మొలిచిన ముల్లులా ఉంది.
యంత్రం పొరపాటని తిట్టుకుంటూనే వెళ్ళాను.
చెప్పిన మాట వినే కాళ్ళు నావి.

గేటు మీద మోచేతులు ఆనించి
ఒక పెద్దాయన, పక్కన పాల క్యాను.
"గుండెగ దారేనా?" అన్నాడు.
ఇక్కడి తడినేలల్లో పూసే పసుపు పువ్వు పేరట అది.
నా చెవికి మాత్రం
పువ్వులా వినబడలేదు.

తాల్వాల్దిస్ చెప్పాడు:
మూడేళ్ళ కిందట పందెం జరిగింది.
చేపల డబ్బాల కార్ఖానాలో రాత్రి డ్యూటీ ఆవిడది,
నలభై ఆరేళ్ళు.
ఆ రోజు ఆడవాళ్ళలో మూడో స్థానంలో వస్తోంది,
బతుకులో మొదటిసారి
వెన్నులు లెక్కపెట్టగలిగినంత ముందు.
ముందరి వాళ్ళు గేటు బార్లా వదిలేసి పోయారు.
చూసింది. ఆగలేదు.
నాలుగు వందల మీటర్లు
గేటు ఆమె వెంటే పరిగెత్తి ఉంటుంది.
తిరిగి వచ్చింది.
అప్పటికే ఒక దూడ రోడ్డు వాసన చూస్తోంది.
మూతి మీద అరచేయి పెట్టి లోపలికి నెట్టి
తాడు కట్టి
మళ్ళీ పరుగు.
పదహారో స్థానం.

"ఎందుకమ్మా అంటే
గేటు తెరిచుంది కదా, అంది. అంతే."

ఆ గీతని ఆమె సవరించలేదు.
అడిగిన వాళ్ళందరికీ ముల్లుతో సహా ఇచ్చింది.
అప్పట్నుంచి రీగా కుర్రాళ్ళూ
సెలవుల్లో వచ్చే పరాయి దేశం జంటలూ
ఈ గేటు దాకా వెనక్కి వచ్చి, అయోమయంగా చూసి పోతారు.
"కొందరు తిడతారు, కొందరు నవ్వుతారు.
నాకు మాత్రం
కుక్కని పెంచే ఖర్చు తప్పింది."

నేనూ నవ్వి, తాడు వైపు చూశాను.
నేను కట్టిందే.
సగం ముడి, హడావుడి ముడి,
గాలికే జారిపోతోంది.

పెద్దాయన ఏమీ అనలేదు.
పాల క్యాను అటు చేతి నుంచి ఇటు చేతికి మార్చుకున్నాడు.

విప్పి మళ్ళీ కట్టాను,
లేసులకి వేసినట్టు, రెండు ముడులు.
కడుతుంటే దూడ ఒకటి
కమ్మీల సందులోంచి మెడ చాచి
నా మణికట్టు మీది ఉప్పంతా నాకేసింది,
గడియారంతో సహా.