పెదవుల నాటకం

ఫిబ్రవరి రెండో శనివారం.
కార్పెట్ల దుకాణం పక్కన మెట్లెక్కితే
నేతగాళ్ళ సంఘం హాలు.
రేడియేటర్ మూలుగుతుంది గానీ వెచ్చబడదు.
ముప్ఫై నాలుగు కుర్చీలు వేశారు,
పందొమ్మిది నిండాయి.
బర్న్‌లీలో ఇదొక పండగ.
ఏ క్యాలెండర్లోనూ ఎర్రంకె లేదు,
కౌన్సిల్ వాళ్ళకి తెలియదు,
ప్రసాదం వెనిగర్ పోసిన నల్ల బఠాణీలు.

ఆల్మా ఎంట్‌విసిల్ చెప్పింది నాకు,
నేను ఆమె వీపు తోముతుండగా:
తొంభై ఏళ్ళ కిందట
మనిషికి నాలుగు మగ్గాలు చాలవు ఆరు తీసుకోమన్నప్పుడు
వాళ్ళమ్మా, తోటివాళ్ళూ ఒక నాటకం కట్టారు.
లండన్‌లో ఎవరో దొరగారి ఆఫీసు
మాటలన్నిటి మీదా నీలం పెన్సిలు గీసి తిప్పి పంపింది.
ఒక్క మాట పలికితే హాలుకి తాళం.
సరే, పలకం అన్నారు.

నాలుగొందల మగ్గాల హోరులో
పొద్దస్తమానం నిలబడే ఆడవాళ్ళు.
గొంతు అక్కడ దండగ.
పెదవుల్తోనే పెళ్ళి కబుర్లు,
పెదవుల్తోనే శాపనార్థాలు,
మూడు వరసల అవతల ఎవరికి నెల తప్పిందో
అదీ పెదవుల్తోనే.
ఆ రాత్రి రెండు గంటల నాటకం
చప్పుడు లేకుండా ఆడేశారు.
హాలంతా నవ్విందట, హాలంతా ముక్కు చీదిందట.
వెనక నిలబడ్డ పోలీసు
నోటుబుక్కులో ఏం రాయాలో తోచక
వాన పడుతోంది అని రాసుకున్నాడట.
గోడలకి ఉండేవి చెవులే గదా.

నోరు మెదపకపోవడమంటే మాకు ఊరుకోవడం.
నేను ఊరుకునే రకం.
రోజుకి తొమ్మిది ఇళ్ళు, తొమ్మిది స్నానాలు, మాత్రల డబ్బాలు.
ఇంటికీ ఇంటికీ మధ్య నడిచే పదకొండు నిమిషాలకి
ఏజెన్సీ జీతం కట్టదు.
వీసా కాగితం మీద వాళ్ళ సంతకం.
లెక్క నాకొచ్చు. అడగడం రాదు.

ఈ ఏడు ఆల్మా మోకాళ్ళు స్టేజీ ఎక్కమన్నాయి.
వాళ్ళమ్మ కట్టిన వేషం,
తర్వాత అరవై ఏళ్ళు తను కట్టిన వేషం
నాకు అంటగట్టింది.
నెల్లాళ్ళు సబ్బు నురగలోంచి నేర్పింది:
"పళ్ళు కనపడనీ పిల్లా,
పిల్లికి ముద్దు పెడుతున్నావా?"

మూడో అంకం.
మగ్గం వదిలి మేనేజరు వైపు తిరగాలి,
ఒకటే వాక్యం:
నాకు రావలసింది నాకివ్వండి.
మేనేజరు క్లిఫర్డ్, రిటైరైన పోస్ట్‌మాన్,
మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది.
ఇంగ్లీషు వాక్యం నాలిక మీదికొచ్చి జారిపోయింది.
నోట్లో మిగిలింది తెలుగే.
ఎనిమిది పదకొండ్లు ఎనభై ఎనిమిది అన్నాను,
గాలి కూడా రాకుండా.
వారానికి ఆరు రోజులు, పద్నాలుగు నెలలు,
నానిన బూట్లు, మింగిన అన్నం, చెప్పిన థాంక్యూలు,
ఆపుదామంటే పెదవులు ఆగలేదు.
క్లిఫర్డ్ తన వంతు కోసం చూసి చూసి
మీసం పూర్తిగా తీసేశాడు.
పందొమ్మిది మందిలో పెదవులు చదవగలిగేది
ఇప్పుడు ముగ్గురే.
ఆ ముగ్గురూ ముందుకి వంగారు.

తర్వాత, బఠాణీలు చెంచాతో నలుపుతూ ఆల్మా:
"అది మా అమ్మ వాక్యం కాదు."
కాదన్నాను.
"లెక్కలు కదూ? ఏ భాషో తెలీదు గానీ
కూలి లెక్కపెట్టే నోరు నాకు తెలుసు."
ఇంకేమీ అనలేదు.
కోటు తొడగమంది. గుండీ తప్పు పెట్టానని విసుక్కుంది.

సోమవారం, ఉదయం ఏడూ పది.
రెండో ఇంటికీ మూడో ఇంటికీ మధ్య వాన.
నా పెదవులు కదులుతున్నాయి.
ఎదురొచ్చిన కుక్క ఆగి చూసింది,
దాన్ని పట్టుకున్నాయన చూడలేదు.
పదకొండు నిమిషాలూ కదిలాయి.

గొంతు ఇంకా కలపలేదు.