పల్లేరు లెక్క

ఐతారం పొద్దుగాల, హత్తా గుట్టల కింద,
ఎండ ఇంకా రాళ్ళ మీదికి దిగకముందే
షాపు షట్టరు లేపిన.
కంప్రెసరు ఒకసారి దగ్గి గుర్రుమన్నది.
బండి భుజాన ఏసుకొని సుహైల్ వచ్చిండు.
ఎనుక చక్రం సప్పబడ్డది, మొకం గూడ.

"పాము కరిసిందా?" అంటె నవ్విండు.
ట్యూబు గుంజి చూపెట్టిన:
పక్కపక్కన రెండు గాట్లు, కోరలు దిగినట్టు.
పాము లేదు గీము లేదు.
కింద అంచురాయి, మీద రిమ్ము,
నడుమ ఇరుకున్న రబ్బరు.
దిగుడుల ట్యూబు సావు గిట్లనే ఉంటది.
గాలి ఎక్కువ గొడితె బండి మేకపిల్ల లెక్క ఎగురుతది,
తక్కువ గొడితె పాము.

ట్యూబు తీసెయ్యమని మూడు నెల్ల సంది చెప్తున్న.
ఆర్విన్ గూడ చెప్పిండు, సెబూ పిలగాడు,
ఇరవై రెండు పాయింట్ల గాలితోటి
బండల మీదికెంచి పిల్లి లెక్క దిగెటోడు:
"టైరుల గాలి ఉంటె సాలదా,
మళ్ళ దాన్ని సంచిల మూట గట్టుడెందుకు?"
సుహైల్ తల అడ్డం ఊపిండు.
కండ్లకు కనవడని మందు నమ్మడట.

ఆ మాటకు నేను ఎదురు చెప్పలేకపోయిన.
మెట్‌పల్లి బస్టాండు ఎనుక
పదకొండేండ్లు ట్యూబులను తొట్టిల ముంచినోణ్ణి.
ట్యూబు అబద్ధమాడది.
యాడ నొప్పో ఆడ బుడగ.
తుడిసి, గీకి, సొల్యూషన్ రాసి, నోటితోటి ఊది,
ముక్క అతికి, సుత్తెతోటి మెల్లగ తట్టుడు.
పాల రాజేశం ట్యూబుకు ఎనిమిది అతుకులుండె.
ఏ అతుకు ఏ తొవ్వల పడ్డదో
ఆయన మర్సిపోయినా నాకు యాదికుండె.

ఇది వేరే పని.
రిమ్ముకు టేపు సుట్టి, వాల్వు బిగించి,
టైరు అంచు గట్టెక్కెదాక ఒక్కటే గాలి.
ఠప్! ఠప్!
బల్ల కింద పిల్లి బజార్ల పడ్డది.
లోపట చాయ గిలాసెడు తెల్లటి పాలు.
ముల్లు దిగితె ఆ పాలే ఉరికొచ్చి
గడ్డగట్టి మూస్తయి.
తొక్కెటోనికి తెల్వనే తెల్వదు.

సలికాలం మొదట్ల సుహైల్ ఒప్పుకున్నడు.
ఒప్పించింది నేను గాదు,
ఒక్క పొద్దుల పోయిన మూడు ట్యూబులు.
అప్పటి సంది నెలకోసారి
చక్రాన్ని చెవి కాడ పెట్టుకొని
కొబ్బరికాయ ఊపినట్టు ఊపుడు నా పని.
గలగలమంటె పంపుడు,
సప్పుడు రాకపోతె పాలు పోసుడు.

మార్చి ఆఖరుకు ఊపితె సప్పుడు లేదు.
టైరు ఇప్పిన. పాలన్నీ ఎండ తాగింది.
అడుగున మీగడ లెక్క రబ్బరు తొక్కలు.
లోపలి గోడ మీద ఏలు ఆనిస్తె సుర్రుమన్నది.
పల్లేరు.
మా దిక్కు పల్లేరే, గదే కొమ్ములది,
చెప్పుల్లేక బడికి పోయినోళ్ళను అడుగున్రి.
పటకారతోటి పీకి సాసర్ల ఏసిన.
పందొమ్మిది.
రెండు తుమ్మముండ్లు అదనం, ఒక తీగె ముక్క.

"ఇవన్నీ ఎప్పుడు దిగినయి?" అన్నడు సుహైల్.
"నువ్వు ఏం గాలేదనుకుంట వచ్చినప్పుడల్ల."
నా అరబీ అంతంత మాత్రం. ఏం అర్థమైందో గని
సాసరు చేతుల వట్టుకొని
శానాసేపు గుట్ట దిక్కు చూసిండు.

మళ్ళ వారమే ఫోను.
మీదికెల్లి మూడో మలుపు కాడ
టైరు పక్కబొక్క నిలువున చీలిందట.
పాలన్నీ రాళ్ళ మీద పారుతున్నయట,
పురుగు దోపితె పురుగే ఊసిపోతుందట.
పాతగోడ సీలలకు ఏలాడుతున్న ట్యూబు
మెడల ఏసుకొని ఎక్కిన.
నీడ లేదు. రాళ్ళు పెనం లెక్కున్నయి.
చీలిక ఎనుక దాపు పెట్టనీకి ఏం దొర్కలే.
జేబుల ఐదు దిర్హాముల నోటు ఉండె,
కొత్తది, ప్లాస్టిక్కుది.
నాలుగు మడతలు పెట్టి ఆడ ఆనిచ్చి
ట్యూబు ఎక్కిచ్చి గాలి కొట్టిన.

సుహైల్ మెల్లగ దిగిండు,
పెండ్లిపిల్ల నడిసినట్టు.
నేను ఎనుక నడుసుకుంట వచ్చిన.

షాపుకు వచ్చినంక ఆర్విన్ అడిగిండు,
"ఇంతకు ఏది మంచిది?"
నేను చేతులు కడుక్కుంటున్న.
ఆ పాలు గోర్ల సందుల ఎండితె
నాలుగొద్దులదాక పోవు.

నోటు ఇప్పటికీ ఆ టైరులనే ఉన్నది.
అడగలే.