పదకొండు రంగులు

ఆ ఏడు మా చర్చికి పైకప్పు లేదు.
గంట నేలమీదే ఉంది, భూకంపం దించిన చోటే,
బీటవారి, నోటినిండా మంచుతో.
తేర్ హుసిక్ గారు ఇనుప డబ్బాయింట్లో ఆరాధన జరిపేవారు.
అందులోనే ఆయన మంచం, అందులోనే బంగాళాదుంపల బస్తా,
అందులోనే దేవుడు.
"పశువుల పాకలో పుట్టినవాడికి ఇది మేడే" అనేవారు.

కరెంటు రోజుకో గంట.
అది ఏ గంటో ఎవరికీ తెలీదు.
షిరాక్ గాలి రేకుల సందుల్లోంచి దూరి
ప్రార్థన మధ్యలో ఈల వేసేది.

ఆర్పెనిక్ పిన్ని లోపలికి వచ్చేది కాదు.
ప్రతి ఆదివారం వచ్చి
గుమ్మానికి వీపు పెట్టి నిలబడేది.
"మరి రావడమెందుకే?" అని అడిగింది మా అమ్మ.
"నేను అలిగానని ఆయనకు తెలియాలిగా."

నాలుగేళ్ళ అలక.
నాలుగేళ్ళూ ఆయన బతిమాలిందీ లేదు.

తాతుల్ ఆమె కొడుకు. నా బెంచీలోవాడు.
బడి కూలినప్పుడు నేను నీళ్ళు తాగడానికి బయటికెళ్ళాను.
నేను బతకడానికి ఇంతకన్నా పెద్ద కారణం లేదు.
వెతికాను.

జనవరి ఐదు. మా క్రిస్మస్ ముందు రాత్రి.
చర్చిలో వెలిగించిన కొవ్వొత్తిని
ఆరకుండా ఇంటిదాకా మోసుకెళ్ళాలి, అది మా ఆనవాయితీ.
"ఈసారి మైనం దొరకలేదు, చీకట్లోనే పాడుకుందాం"
అన్నారు తేర్ హుసిక్, తప్పు తనదే అయినట్టు.

అప్పుడు వచ్చింది లోపలికి,
భుజాలమీద మంచు దులుపుకోకుండానే.
చంకలో బడిసంచి. రాళ్ళకింద దొరికినది.
రంగుల క్రేయాన్ల పెట్టె తీసి బల్లమీద పెట్టింది.
"ఇవీ మైనమే కదా?"

"వద్దమ్మా, దాచుకో."
"దాచి దాచి చూశాను ఫాదర్.
చలికి అవీ బిగుసుకుపోతున్నాయి, నాలాగే."

పన్నెండు గదుల పెట్టెలో పదకొండు రంగులు.
ఆ ఖాళీ గదిని ఆమె వేలు
అలవాటుగా తడుముతోంటే
నా జేబులో పసుపు ముక్క నిప్పులా కాలింది.
నాలుగేళ్ళు దిండుకింద, చేతితొడుగులో, చెప్పకుండా.

"రేపిస్తానన్నాను వాడికి" అన్నాను.
మిగతాది నోట రాలేదు.

ఆమె దాన్ని వెలుతురుకేసి తిప్పి చూసింది.
చివర ఒక పక్క పంటి గాటు.
"సూర్యుణ్ణి వేశావా మరి?"
"లేదు పిన్నీ. దాహమేసింది."
చాలాసేపు నా తల నిమిరింది,
అదే చేత్తో ఆ ముక్కని చేపల డబ్బాలో వేసింది.

రంగులన్నీ కలిసి అందంగా ఏమీ కాలేదు.
బురద రంగయ్యాయి.
పిండి సంచుల నూలు వత్తులు.
వెలిగిస్తే చిటపటలు, మసి, ముక్కు పగిలే వాసన.
అయినా వెలిగాయి.
ఆశ అని ఎవరన్నా
నాకు ఇప్పటికీ ఆ పొగే గొంతులో తగులుతుంది.

గంట దగ్గర గాలికి ఆమె దీపం ఆరింది.
ఏమీ అనలేదు.
వెనక్కి తిరిగి, నా దీపం దగ్గర వంగింది.
మా ఇద్దరి అరచేతుల మధ్య
కాసేపు ఎవరి మంట ఎవరిదో తెలియలేదు.

మరుసటి ఆదివారం మళ్ళీ గుమ్మం దగ్గరే నిలబడింది.
ముఖం మాత్రం లోపలికి.
"తలుపు వేస్తే చలి రాదమ్మా" అన్నారు తేర్ హుసిక్.
వేయనివ్వలేదు.