వేరే గ్లాసు

తొంభై ఒకటి, ఎండాకాలం, సాల్మియా.
నూనె బావులు ఇంకా మండతానే ఉండాయి.
మట్ట మధ్యాన్నం లైటేసుకుని బియ్యం ఏరేదాన్ని.
ఉతికిన దుప్పటి తీగ మీదేస్తే
ఆరేలోగా అది ఇంకొకరి దుప్పటైపోయేది.

ఏడు నెలలు ఆ ఇంటికి తాళం నేనే.
యుద్ధమయినాక మేడం తిరిగొచ్చి
మొదట స్పూన్లు లెక్కపెట్టింది, తర్వాత కార్పెట్లు,
ఆ తర్వాత నన్ను చూసింది.

ఓబుళమ్మ అనడం కష్టమని మేరీ అనేది.
నాకు ముందు పనిచేసినామె పేరది.
పేరుతో పాటు ఆమె చెప్పులు గూడా నాకే.
వంటింట్లో అడుగు అరలో ఒక గాజు గ్లాసు,
అంచు చిట్లింది. "ఇది నీది" అని చూపించింది.
నాకు నవ్వొచ్చింది.
సముద్రం దాటి నేనొస్తే
రాయచోటి హోటలు వెనక గోడమీద బోర్లించిన గ్లాసు
నాకంటే ముందొచ్చి కూచోనుంది.

ఫ్రిజ్జు తలుపులో తూటా చేసిన బొక్క.
పూడ్చను హవల్లీ నుంచి ఫవాజ్ వచ్చినాడు.
ఈడే పుట్టినాడు, ఈడివాడు కాదు.
తాతల ఊరు చూసిందే లేదు,
వాళ్ళమ్మ చెప్పిన ఆ ఊరి సందుల మలుపులు మాత్రం
నిద్రలో గూడా తప్పడు.

"ఏయ్ హిందియ్యా, నీళ్ళు" అన్నాడు మొదటిరోజు.
నేనియ్యలేదు.
రెండోరోజు పేరడిగినాడు.
ళ ఆయన నోట్లో తిరగలేదు,
నాలిక మడతేసి మడతేసి అలిసిపోయినాడు.
గొంతు అడుగునుంచొచ్చే వాళ్ళ అచ్చరం నాకూ రాలేదు.
సరిపోయింది.

ఒక బొక్క పూడ్చను ఎన్ని దినాలు పడతాది?
పదకొండు.
గ్యాసు అయిపోయిందంటాడు, రంగు కుదర్లేదంటాడు.
టీ పోసేకి ఆ ఇంట్లో నలభై గ్లాసులుండాయి.
నాదే తీసుకున్నాడు.
చిట్లిన అంచు పెదివికి తగలకుండా తిప్పి
నేను ఆనించే చోటే ఆనించి తాగినాడు.
అంతకుమించి ఏమీ జరగలేదు.
అంతకుమించి ఏం జరగాల?

"నీకు పాస్‌పోర్టుందా?" అనడిగినాడొకనాడు.
ఉంది, మేడం బీరువాలో.
"నాకు బీరువా ఉంది" అన్నాడు.

ఆ నెల్లోనే వాళ్ళ వీధిలో పరుపులు లారీలెక్కినాయి.
యుద్ధంలో నువ్వెవరి పక్క అని
పసిపిల్లోల్ని గూడా అదే అడిగినారంట.
అమ్మాన్‌కు పోతాండామని చెప్పేకొచ్చినాడు.
గేటు అవతల నిలబడి
"ఓబుళమ్మా" అన్నాడు. సరిగ్గా.
అదే చణంలో లోపల్నుంచి "మేరీ" అని కేక.
నేను దేనికి పలికినానో
మీకు చెప్పను.

ఆ రాత్రి చుట్టాలొచ్చినారు.
ట్రేలో పన్నెండు గ్లాసులు పెట్టినా.
పన్నెండోది నాది.
ఎవరి చేతికి పోయిందో తలెత్తి చూడలేదు.
వంటింట్లోకొచ్చి, ఫ్రిజ్జు తలుపు మీద
తెలుపు తెలుపుతో కలవని చోట
చెయ్యి పెట్టి నిలబడినా.
చల్లగుంది.
పని బాగానే చేసినాడు.