టైరు ట్యూబుల మీద బల్ల

మా ల్యాబుకి అసలు కొనాల్సిన బల్ల ధర
ముగ్గురు స్కాలర్ల మూడేళ్ళ స్టైపెండు.
అందుకని చీమకుర్తి నల్లరాయి పలకొకటి
సమాధిరాళ్ళు చెక్కేవాళ్ళ దగ్గర బేరమాడి తెచ్చి
నాలుగు స్కూటరు ట్యూబుల మీద పడుకోబెట్టాం.
వారానికోసారి వాటికి గాలి కొట్టడం
నా పీహెచ్‌డీలో మొదటి అధ్యాయం.

"వెలుతురు మీద చదువుతున్నా" అంటే
"కరెంటు పనా?" అంది బ్రాడీపేట హాస్టలు వార్డెను.
అట్టాంటిదే అన్నాను.
మరీ అబద్ధమేం కాదు,
కరెంటు పోయిందంటే
లేజరు మళ్ళీ కుదురుకోడానికి గంట.

చీకటి గది. తలుపు కింద పాత దుప్పటి.
ఎర్రటి కిరణమొకటి బయల్దేరి
సగం అద్దం దగ్గర రెండుగా చీలి
చెరో దారినా పోయి, చెరో అద్దాన్నీ తాకి
వెనక్కొచ్చి కలుసుకుంటుంది.
దారుల్లో తేడా వెంట్రుక మందంలో
రెండొందలో వంతైనా చాలు,
ఒకదాన్నొకటి ఆర్పేసుకుంటాయి.
వెలుగుకి వెలుగు కలిపితే చీకటి!
అది మొదటిసారి చూసిన రోజు
మెస్సుకి వెళ్ళడం మర్చిపోయాను.
తెర మీద ఎరుపొకటి నలుపొకటి ఉంగరాలు.
నీళ్ళలో రాయేసినట్టని పుస్తకాలంటాయి గానీ
నాకైతే లక్కగాజులు
ఒకదాన్లో ఒకటి పేర్చినట్టుంటాయి.

ఆ గాజులు వణికాయి.
జనవరంతా, ఫిబ్రవరంతా వణికాయి.
స్క్రూలు బిగించాను. వదులు చేశాను.
అద్దం మీది ఎర్ర నలుసుని మైక్రోస్కోపులో పెడితే
మిరపపొట్టు.
తుడుస్తుంటే పొలమారి
తుమ్మిన తుమ్ముకి రెండ్రోజుల పని పోయింది.
హైమవతి మేడం గ్రాఫు చూసి
"ఇది కొలతా, ఈసీజీనా?" అన్నారు.

అప్పుడు మా అటెండరు దానియేలు,
రిటైరవడానికి పద్నాలుగు నెలలున్న మనిషి,
కిటికీ సందులో చెవి పెట్టి
"యార్డుకి సరుకొస్తందమ్మాయ్,
కర్నూలు లారీ" అన్నాడు.

చుట్టుగుంట దగ్గర స్పీడుబ్రేకరెక్కిన ప్రతి లారీ
నా తెర మీద దిగుతోందన్నమాట.
నిండు లారీ పదకొండు ఉంగరాలు మింగుతుంది,
ఖాళీది నాలుగు.
ట్రాక్టరు దూరాన్నించే
సన్నగా గిలిగింతలు పెడుతుంది.
రాత్రుళ్ళు టీ పందెం కాసేవాళ్ళం,
నేను ఉంగరాలతో, ఆయన చెవులతో.
నలభై మూడు టీలు బాకీ పడ్డాను.
"నీ థీసిస్ లారీల మీద కాదు" అని
మేడం గుర్తుచేశారు.
నిజమే. నాది గాజుపలక మీద:
ఒక్క డిగ్రీ వేడికి అదెంత సాగుతుందో.
ఎవరికి కావాలంటే
ఇప్పటికీ నా దగ్గర చిన్న జవాబు లేదు.

మే నెల. యార్డుకి సెలవులు.
జూనియర్లు ఊళ్ళకెళ్ళారు.
వణుకుతుందని ఏసీ కట్టేశాను,
గోడలు పగటి ఎండని ఇంకా కక్కుతున్నాయి.
రాత్రి రెండింటికి
ఉంగరాలు నిలబడ్డాయి.
గోడకి మేకు కొట్టినట్టు నిలబడ్డాయి.
ఊపిరి తగలకుండా చున్నీ మూతికి కట్టుకుని
పెన్ను తీశాను.

అంతలో ఒక గాజు మెల్లగా లోపలికి ముడుచుకుంది.
మెల్లగా బయటికొచ్చింది.
మళ్ళీ.
లారీ కాదు. నల్లపాడు గూడ్సూ కాదు.
నాలుగు సెకన్లకోసారి, తొందర లేకుండా.

బల్ల అవతలికి వంగి చూశాను.
రాయి చల్లగా ఉందని కాబోలు
నేలమీద కూచుని, పలకకి వీపానించి
దానియేలు నిద్రపోతున్నాడు.
చొక్కా విప్పి చంకీకి తగిలించాడు.
ఒక్కో ఊపిరికి ఒకటిన్నర ఉంగరం.

లేపితే రీడింగొచ్చేది.
నాలుగు నెలలుగా కాచుకున్న రీడింగు.
స్టూలు దగ్గరికి లాక్కుని
తెల్లారేదాకా ఉంగరాలు చూస్తూ కూచున్నాను.
మధ్యలో ఒకసారి కలొచ్చిందేమో
ఏడు ఒకేసారి చెదిరాయి.

నోటుబుక్కులో తేదీ వేశాను, టైమేశాను.
గది వేడి ముప్పై నాలుగు.
రీడింగు తీసుకోలేదు.
కారణం దగ్గర 'లారీ' అని రాశాను.
మే నెలలో లారీ ఏంటని మేడం అడగరు,
ఆవిడది వైజాగు.