లగేజీ టికెట్టు

ఇరవై ఆరేళ్ళు నా కుడిభుజానికి వేలాడిన సంచి
ఈ ఎండాకాలం పగిలింది.
పట్టీ మడతలో సన్నటి గీతలు,
నీళ్ళు దిగిపోయాక మూసీ ఒడ్డు బురదలా.

డిపోలో కొత్తపిల్లలు నవ్వారు,
"మిషనుంది గదా మేడమ్, ఇంకా సంచెందుకు?"
నిజమే. సగం బస్సు ఆడవాళ్ళు, సున్నా టికెట్లు,
చిల్లర గలగల ఎప్పుడో పోయింది.
బరువు లేకపోతే తోలు తన ఆకారం మరిచిపోతుందని
నాకప్పటికి తెలీదు.

కాచిగూడ చౌరస్తాలో చిరిగిన గొడుగు కింద గాలయ్య.
సంచిని ముందు చూడలేదు, వాసన పీల్చాడు.
"కొబ్బరినూనె పెట్టినవు."
చెకింగు ఇన్‌స్పెక్టర్‌కి దొరికిపోయినట్టయింది.
తలకు రాసుకోగా చేతికి మిగిలింది
రోజూ పట్టీకే తుడిచేదాన్ని.
"అది పైపైన మెరుస్తది, వానలు పడంగనే బూజు.
పల్లినూనె ఐతే నెలకే ముక్కిపోతది.
తోలుకు ఆముదం. మైనం ఇంత. అంతే."

వేడినీళ్ళ గిన్నెలో ఇంకో చిన్న గిన్నె.
చింతపిక్కంత తేనెమైనం
ఆముదంలో కరిగి కనబడకుండా పోయింది.

ముందు తడిగుడ్డతో తుడిచాడు.
గుడ్డ ఆరాక తెల్లటి చారలు,
అన్ని ఎండాకాలాల నా ఉప్పు.
తర్వాత చూపుడువేలితో రాయడం మొదలుపెట్టాడు.
బ్రష్షు లేదా అన్నాను.
"దాహం ఏడుందో ఏలుకే ఎరుక."

ఇంకొంచెం పొయ్యరాదా అంటే కసురుకున్నాడు.
"ఒక్కపారి పోస్తె మెత్తబడదు, కుళ్ళుతది.
ఇయ్యాల ఇంత, ఎల్లుండి ఇంత.
తాగనియ్యాలె. తాగినంక తుడువాలె."

అంచు గోరుతో గీకి చూపించాడు, లోపలి రంగు.
"తంగేడు తోలు ఇది.
పువ్వు మీరు బతుకమ్మల పెడ్తరు,
చెక్క మేం తొట్లె నానేస్తం.
చెట్టు ఒక్కటే."

అక్కడ నా నోరు ఆగిపోయింది.

కొత్త ఉద్యోగం, మొదటి నెల.
ముషీరాబాద్‌లో ఒకాయన ఎక్కాడు,
గోనెపట్టాలో ఉప్పు చల్లిన పచ్చితోళ్ళ మూటతో.
లగేజీ టికెట్టు కొట్టాను, రెండు రూపాయలు.
చిక్కడపల్లి దాటేలోపు బస్సంతా ముక్కు మూసుకుంది.
సీటుకొక గొంతు లేచింది.
విజిల్ వేశాను. దింపేశాను.
చింపిన టికెట్టుకు పైసలు వాపసు రావని రూలు కూడా చెప్పాను.
ఆయన కొట్లాడలేదు.
మూట నెత్తికెత్తుకుని, ట్రాఫిక్కులో ఇరుక్కున్న బస్సు పక్కనే
నా కిటికీతో సమానంగా కొంతదూరం నడిచాడు.

ఆ వారమే డిపోలో ఇచ్చారు ఈ సంచి.
కొత్త తోలు వాసన గుప్పుమనేది.
దీన్ని మాత్రం దింపమని ఎవరూ అనలేదు.

ఈయనేనా?
ముఖం గుర్తు లేదు. చూస్తే కదా.
వాసనొక్కటే గుర్తుంది.

అడగలేదు.
"నలభై ఇయ్యమ్మా. కుట్టుకు ముప్పై, నూనెకు పది."
వంద ఇచ్చాను, ఉంచుకో అన్నాను.
వినలేదు. యాభై నోటు ఒకటి,
రెండు రూపాయల బిళ్ళలు ఐదు,
ఒక్కొక్కటే నా అరచేతిలో పెట్టాడు.
ఎల్లుండి మళ్ళీ తెమ్మన్నాడు.

మర్నాడు పొద్దున మొదటి ట్రిప్పు.
సంచి ఒంటికి అంటుకుని వెచ్చగా ఉంది.
కిటికీ పక్కాయన ముఖం ముడిచాడు.
"ఏం వాసన మేడమ్ ఇది?"

ఆముదం అనబోయాను.
"తోలు," అన్నాను.
సంచి ముందుకు జరుపుకుని,
"టికెట్, టికెట్."