ఇరవై ఒక్క రోజులు

ఆ తెలుగు నేను రాసిందే.
హన్మకొండలో మేడ మీద రెండు గదుల ఆఫీసు,
తిరిగీ తిరగని ఫ్యాను కింద
ఢిల్లీ గెజిటును తెలుగు చెయ్యడం నా కొలువు.
"భూమి యాజమాన్యము రైతుకే చెందును.
గ్యాసు గొట్టము వేయుటకై వినియోగ హక్కు మాత్రమే
స్వాధీనపరచుకొనబడును."
చెందును, బడును, వలెను,
రోజుకు నాలుగు పేజీలు.
సర్వే నంబర్లు, హెక్టార్లు, ఆర్లు.
ఏ పేజీలోనూ మనిషి తగల్లేదు.

ఐలవ్వ పరకాల బస్సు దిగి వచ్చింది,
కొంగున నాలుగు మడతల కాగితం.
"అభ్యంతరం రాయించుకొచ్చిన సారూ.
ఇరవై ఒక్క దినం గడువన్నరు గద.
కోడిని పొదగేసిన్నాడే మస్కూరి తెచ్చిచ్చిండు కాయితం.
తెల్లారితే పిల్లలైతయ్.
నా లెక్క తప్పది."

తేదీ చూశాను.
ప్రతులు జనానికి అందుబాటులో పెట్టిన రోజు నుంచి గడువు.
అందుబాటు అంటే
మా మెట్ల పక్కనున్న బోర్డు.
బోర్డుకు అద్దం, అద్దానికి తాళం,
తాళంచెవి నా సొరుగులో.
పదమూడు రోజులు ఆ అద్దం వెనకే
మురిగిపోయాయి.

గడువు దాటింది అని ముద్ర వేశాను.
సిరా ఎక్కువై
ఆమె వేలిముద్ర మీదికి పాకింది.

అరవలేదు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.
"భూమి నాదే అని రాస్తివి.
బాయి తవ్వద్దంటివి, చెట్టు పెట్టద్దంటివి,
గుడిసె ఎయ్యద్దంటివి.
మరి నాదన్న మాట ఎంత మందం బిడ్డా?"

కాగితాలు తిరగేశాను. దొరికింది.
గొట్టం మీద కనీసం ఒక మీటరు మట్టి.
"మీటరమ్మా" అన్నాను.
నేల నుంచి చెయ్యి లేపుకుంటూ వచ్చి
నడుము దగ్గర ఆపింది.
"గింతనా?"
"అంతే."

వానలు వెనకబట్టాక యంత్రాలొచ్చాయి.
నేరెడుపల్లెలో పద్దెనిమిది మీటర్ల వెడల్పున
పత్తి పోయింది, రెండు సీతాఫలం చెట్లు పోయాయి.
మోట బావి నాలుగడుగులు పట్టీలోకి వచ్చిందట.
పూడ్చడానికి రెండు రోజులు.
దానికి వెల కట్టడానికి పదకొండు నెలలు.

ఎండాకాలంలో మళ్లీ వచ్చింది.
ఈసారి కాగితం లేదు, తునికి కర్ర,
కర్ర మీద కొడవలి గాటు.
"వెల్డింగు పోరగాళ్లు బువ్వకు పోయినప్పుడు
కందకంల దిగి కొలిచిన.
గొట్టం నెత్తి కాడ్నించి గడ్డ దాకా గిదీ.
నడుమన్నవ్ గద. నువ్వే అన్నవ్."
గాటు నా మోకాలు దాటి జానెడు కూడా లేదు.
టేపు పెట్టాను. అరవై రెండు.

గంటలోపే అధికారి బల్ల మీద పెట్టాను,
తేదీ వేసి, టైము కూడా వేసి.
ఒక నకలు అద్దం తీసి బోర్డులో అంటించాను.
తాళం మళ్లీ వెయ్యలేదు.

కంపెనీ ఇంజనీరు ఫోను చేశాడు,
"రాయి తగిలింది సార్, కాస్త చూసుకోండి."
కనీసం అన్న మాటకు తెలుగులో
ఇంకో అర్థం లేదండీ, వెతికాను, అన్నాను.

తనిఖీవాళ్లు దిగారు.
మూడు వందల మీటర్ల గొట్టం పైకి తీసి
రాయి పగలగొట్టి మళ్లీ దించారు. తొమ్మిది రోజులు.
కూలీలకు మంచినీళ్లు ఐలవ్వే అమ్మింది,
బిందెకు ఐదు రూపాయలు.
"బాయి ఉంటే ఊకెనే పోద్దును" అన్నదట.

మొన్న ఆ దారిన పోతూ ఆగాను.
చేలో పసుపు స్తంభం.
"ప్రమాదం, తవ్వరాదు" –
ఆ తెలుగూ నాదే.
ఎవరో దాని నెత్తిన కోడిగంప బోర్లించారు,
కడిగి ఆరబెట్టడానికి కాబోలు.
గంప అంచు కింద
"రాదు" ఒక్కటే కనబడుతోంది.